మైనం మీద గోరు

నీ తల తడిసినా ఏం గాదు,
దీని తల తడవొద్దు
అనేటోడు మా నాయిన
గొంగడి కొస నా చేతికిచ్చి.

మఖ కార్తె. లింగాల దాటినంక అడవి అంచున
మా రెండెకరాల మక్క పాలు పోసుకున్న రోజులు.
చీకటి పడంగనే పందులొస్తుండె
పిల్లజెల్లతోని, పెండ్లికి పిలిచినట్టే.

తాత పేరు కొట్టేసి నాయిన పేరు రాసిన లైసెన్సు,
ఓట్లొచ్చినప్పుడల్లా ఠాణాల పండుకొని వచ్చే
భర్మారు.
మందును అమ్మ ఎండుమిరపకాయల కుండల దాస్తుండె,
వానకాలం ఆ ఒక్క కుండే పొడిగుంటదని.
అందుకే మా తుపాకి పేలితే
పొగకన్న ముందు తుమ్ములొచ్చేవి.

పొయ్యి చల్లారినంక దట్టిస్తుండె నాయిన.
చిటికెడు నాలుకకు రాసుకొని, రుచి చూసి,
ఊఁ, అని కొమ్ము వంచుతుండె.
మీద కొబ్బరిపీచు. గజం కట్టెతోని తొమ్మిది పోట్లు.
సీసం రవ్వలు. మళ్ల పీచు.
మూతికి మక్కబెండు బిరడా.
చెవి మీద రాగి టోపీ, దాని చుట్టు తేనెమైనం
తమలపాకుకు సున్నం రాసినంత పలుచగ.

మంచె మీద నా పని ఒక్కటే,
గుర్రం మీద గొంగడి పట్టుడు.
గొంగడి వాన తాగుతది, తాగి బరువైతది,
ఎన్నడో సచ్చిన గొర్రెలన్ని లేచొచ్చినట్టు వాసనొస్తది.
ముసురు ఆగదు. పందులు రావు.
నాకా పదకొండేండ్లు.
గొంగడి కింద, ఎవ్వరికి కనబడని చీకట్ల,
నా బొటనవేలు మైనాన్ని దొరకబట్టుకున్నది.
ఎంత మెత్తగుండె!
గోరుతోని ఒక్క ఒత్తు ఒత్తిన.
అంతే.

నడిజాముకు కర్రలు ఇరిగిన సప్పుడు.
పటపట, పటపట, ఎవరో పండ్లు కొరికినట్టు.
"తియ్" అన్నడు నాయిన గొంతుల గొంతుగ.
బిరడాను పండ్లతోని పీకి ఊసిండు.
గొంగడి లాగిన. గుర్రం వంచిండు.

టప్.

చినుకు రేకు మీద పడ్డంత సప్పుడు.
పందులు తల గూడ ఎత్తలేదు.
"కదలకు బీసమ్మా,
లోపల నిప్పు ఇంకా నడుస్తుండొచ్చు."
మూతిని మబ్బుకు పెట్టి కూసున్నడు.
నేను లెక్కబెడుతున్న. ఇరవై. నలభై.
వాళ్లు తింటున్నయి. మా సాలు తరువాత సాలు.
అరవై.
నిప్పు నడువలేదు.
డబ్బా కొట్టుకుంట, ఒర్రుకుంట దిగినం.

కడుపుల పెట్టుకున్న దాన్ని గడప దాటనియ్య
అన్నది అమ్మ.
మేకలను ఇంట్లకు తోలి
తుపాకిని కొట్టంల కట్టినం, బాలింతకు ఎదురు.
మూడు దినాలు ముసురు.
మూడు దినాలు మేకలతోని పండుకున్నం,
దాని దిక్కు కాళ్లు పెట్టకుండ.

నాలుగోనాడు ఎండ పొడిచింది.
నాయిన చూరు కింద కూసొని టోపీ ఊడదీసిండు.
మైనాన్ని వెలుతురుకు పట్టిండు.
సన్నటి నెలవంక పడి ఉన్నది దాని మీద.
నా చెయ్యి దిక్కు చూసిండు.
మళ్ల మైనం దిక్కు.
నేను చెయ్యి లంగాల దాసుకున్న.

"ఏమైందట?" అమ్మ అడిగింది నీళ్లకు పోతపోత.
"అచ్చంపేట దుకాణపోడు
పాసిపోయిన టోపీలు అంటగట్టిండు" అన్నడు,
మైనాన్ని ఉండ చేసుకుంట.
నెలవంక ఆ ఉండల కలిసిపోయింది.

పొడి రవ్వంత చెవిల పోసి, కొత్త టోపీ పెట్టి,
కాలువ గట్టుకు గురిపెట్టిండు.
సుయ్యి మన్నది, ఇంకింత సేపు సుయ్యి మన్నది,
అప్పుడు పేలింది.
కొంగలు లేచినయి. మేకలు కట్టు తెంపినయి.
ఇద్దరం తుమ్మినం.

ఆ రాత్రి మళ్ల చినుకులు.
మంచె ఎక్కంగ గొంగడి కొస ఇచ్చిండు,
ఇంకో చేతుల
శనగగింజంత మైనపుండ పెట్టిండు.
"ఇగో, ఇది నీది.
దీన్ని పిసుకు."