పది రోజుల చీకటి

ఫ్లాక్స్ అంటె
మా మిషన్ మీద పిల్లగాడు నవ్విండు:
"ఫ్లెక్సీ పూలా అన్నా?"

కల్వకుర్తి బస్టాండు ఎనక మా దుకాణం.
పొద్దంత లీడర్ల చెంపలకు తెలుపు దిద్దుడు,
పుట్టినరోజోళ్లకు మీసాలు నల్లజేసుడు.
రంగు అంటె నాకు నాలుగు డబ్బాల లెక్క.
డాబ మీద మాత్రం లెక్క తప్పుతది.

మొదటేడు పొడుగు రకం తెప్పిచ్చిన,
చలికొండల నుంచి పార్సిల్ల వచ్చిన వేళ్లు.
శివరాత్రికి చిగురేసినయి,
మే నెల రేకులషెడ్డు సెగకు
ఉడికిన చామగడ్డలయినయి.
నేల మీద పాకే రకం ఇంకా మోసం:
బొమ్మల గులాబీ చాప,
నా కుండీల నాలుగు ఎండుపుల్లలు.
ఆ పుల్లలకు నెలరోజులు నీళ్లు పోసిన.

ఇగ మిగిలింది ఏడాది మొక్క.
బతుకమ్మ పోయినంక చల్లాలె,
ఉగాదికి విత్తు రాల్చి పోతది.
మా ఊరి చలి ఎంతో దాని ఆయుసు అంతే.
దాంట్లనే ఎన్ని!
రేకు గుండ్రంగ ఉండేది,
కత్తెరతోని కోసిన చుక్కలెక్క ఉండేది,
జానెడు దాటని పొట్టిది,
మూరెడు లేచి వాలిపోయే పాత రకం.
విత్తుల కొట్టు సత్తార్ సాబ్
"అన్నీ కలిసిన పొట్లం తీస్కో,
ఏదో ఒకటి పూస్తది" అంటడు.
నేను విననోణ్ని.
ఊదా, నడుమ తెల్ల కన్ను, ఒక పొట్లం.
మీగడ తెలుపు ఒకటి.
ఇటుకపొడి ఎరుపు వద్దన్న,
అది రోజూ ప్రింటు తీసేదే.

పొట్లం ఎనక సన్నక్షరాలు:
మొలిచేదాక ఎలుతురు సోకొద్దు.
మూయనీకె ఏముంది ఇంట్ల?
వాపస్ వచ్చిన ఫ్లెక్సీ ఉన్నది,
చారకొండ ఈదమ్మ, పదో దినం.
ఇంటిపేరుల ఒత్తు పోయిందని
మనుమడు కొట్లాడి కొత్తది చేయించుకపోయిండు.
కందులు కొలిచేదట ఆమె,
కొసరు చెయ్యి పెద్దదట.
ముఖం కిందికి పెట్టి కప్పిన.
పైకి పెట్టి ఎండల ఉంచబుద్ధి కాలే.

తొమ్మిదో నాడు
ఫ్లెక్సీ అక్కడక్కడ ఉబ్బింది.
లేపి చూస్తె
పాలిపోయిన మెడలు, గింజ టోపీలు,
ఆమె చెంపకు అంటుకున్న ఒక మొలక.
వేలితోని మెల్లగ విడదీసిన.

బోరునీళ్లు చవుడు, ఆకు కొసలు మాడినయి.
వానకు పట్టిన తొట్టినీళ్లు
చెంబుతోని లెక్కబెట్టి పోసిన.
తలలు గిల్లాలన్నరు.
గిల్లబుద్ధి కాక సగం గిల్లిన, సగం ఇడిసిన.
గిల్లినయే గుబురైనయి.

జనవరి మంచుల మొదటి ఊదా పువ్వు.
ఫోటో తీసి, మిషన్ల పెట్టి, ప్రింటు కొట్టిన.
రాలేదు ఆ రంగు.
నీలమన్న ఎక్కువైతది, లేకుంటె మసి.
మళ్ల కొట్టలే.

బాకీ కట్టనీకె మనుమడు వచ్చిండు.
మెట్లెక్కిచ్చి చూపిచ్చిన. పేరడిగిండు.
"ఫ్లాక్స్."
"ఏం?"
రెండోసారి చెప్పబోయి
"విత్తులైనంక రా, ఇస్త" అన్న,
"పది రోజులు కప్పి పెట్టాలె."

దేంతోని అని ఆయన అడగలే.