రెండు సీసీల గాలి

పన్నెండేండ్ల సంది టైర్లు చూసిన కన్ను నాది.
పక్కగోడ మీద బుగ్గ లేస్తే
వేలు పెట్టి నొక్క, బేరం ఆడ.
"ఇయ్యాల పేల్తదో, రేపు పేల్తదో,
ఎమిరేట్స్ రోడ్డు మీద నూట ఇరవైల పేల్తదో
నాకెర్కలేదు. మార్చుకో."
గంతే చెప్త.

స్క్రీన్ మీద నా తలకాయల బుగ్గ చూపెట్టి
సూడాన్ డాక్టరు గిదే మాట చెప్పిండు.
కందిగింజంత ఉన్నది.
మార్చుకొమ్మని మాత్రం అనలే.
అజ్మాన్ సనాయ్యల అన్ని దొరుకుతయి గాని
తలకాయ దొరకదు.

పొద్దుగాల ఐదింటికి పోయినం.
ఇన్సూరెన్స్ కార్డు, కాపీలు పట్టుకొని
లింబాద్రి నా ఎన్క.
తలకాయకు పనుంటే
కుడిచేతి మణికట్టు కాడ పొడిచిండ్రు.
సగం నిద్దట్ల ఉన్న.
చెయ్యిల నుంచి జబ్బకు, జబ్బ నుంచి మెడకు
తీగె ఎక్కిందట, అలికిడి గూడ తెల్వలే.
ఒక్కపారి మాత్రం
కండ్లెన్క ఎవరో వేడి చాయ పోసినట్టయింది.
లోపల జాలీ పరిచిండ్రట,
నెత్తురు ఇగ బుగ్గ దిక్కు మళ్ళకుంట
సక్కగ పోతదట.

గాయం మీద ప్లాస్టిక్ పట్టీ కట్టి
సిరంజితోటి దాంట్ల గాలి కొట్టింది
నర్సు రోవేనా.
పండుకున్నకాడనే నవ్వొచ్చింది.
"ఎన్ని పీఎస్ఐ?" అన్న.
ఆమెకు సమజ్ గాలే.
కొంతసేపు ఆగి వచ్చి రెండు సీసీలు తీసేది,
మళ్ళ కొంతసేపు, మళ్ళ రెండు.
నేను చెవి పెట్టి వినేది.
లీకు పట్టేటోని చెవి, ఊకె ఉండదు.
మూడోపారి ఎర్రగ ఊరింది.
తత్తరపడలే ఆమె,
ఒక సీసీ మళ్ళ కొట్టింది.
మా షాపుల ఉండాల్సిన మనిషి.

నవ్వమన్నది, నవ్విన.
చేతులు లేపమన్నది, లేపిన.
ముక్కు మీద వేలు పెట్టుమన్నది.
"ఇగ ఇంటికి పోవచ్చు" అన్నది.
ఇంటికి అన్నది.
రూముకు అనలే.

నాలుగున్నరకు బయటపడ్డం.
ఎండ ఇంక షటర్ దించలే.

ఫోన్ల లసుమ నా తలకాయ మీద కట్టు కోసం ఎతికింది.
మణికట్టు చూపెట్టిన.
"చెయ్యికా? మెదడుకన్నవ్ గద!"
ఫోను నెత్తి చుట్టూ తిప్పిన,
చెవులెన్క, మెడ మీద.
ఒక్క కుట్టు లేదు.
"పొద్దుగాల పోయినోన్ని పొద్దుమూకకముందే
పంపిండ్రంటే
ఏం చేయలేమని పంపిండ్రు" అని
అప్పుడు ఏడ్వ మొదలువెట్టింది.
బారెడు కట్టుంటే నమ్ముతుండెనేమో.

ఫోర్‌మన్ సజ్జాద్‌ది ఇంకో లెక్క.
"ఒక్క పూటల అయిపోయిందంటే
ఏం లేనట్టే.
రేపు లారీ టైర్లున్నయి."
కాయితం ఇచ్చిన.
వారం దాకా ఐదు కిలోలు దాటి ఎత్తొద్దని ఉన్నది.
ముందు చదివిండు, ఎన్కకు తిప్పి చూసిండు,
అక్కడ ఏం లేదు.
లారీ టైరు డెబ్బై కిలోలు.
ఏమనకుంట
కాయితం జేబుల పెట్టుకున్నడు.

కాయితం మీద ఇంకో మాట గూడ ఉన్నది:
ఈ రాత్రి ఒక్కన్నే ఉండొద్దు.
ఆరుగురుండే రూముల
ఆ మాటకు అందరం నవ్వినం.
కింది మంచం కోసం
రెండేండ్లు నాతోటి మాట బందు పెట్టిన యూనస్
తన దిండు తీసుకొని పైకెక్కిండు.

ఒంటిగంటకు లింబాద్రి టార్చి కొట్టిండు.
"పేరేంది?"
"గంగరాజం."
"నాకు ఎంత బాకీ ఉన్నవ్?"
"రెండువందల దిర్హాములు."
"తలకాయ మంచిగనే ఉన్నది, పండుకో."

మూడింటికి యూనస్ తలకిందులుగ వంగిండు,
"నవ్వు" అని సైగ చేసిండు.
నవ్విన.
చాల్లేదు వానికి. రెండు దిక్కుల నవ్వాల్నట.

ఆ తర్వాత ఎవ్వరు లేపలే.
అలారం మోగి మోగి ఊకున్నది,
ఏసీ గురక, వీళ్ళ గురక.
చీకట్ల ఒక్కన్నే నవ్వి
ఎడమచేతి వేళ్ళతోటి
మూతి అంచులు రెండు తడిమి చూసుకున్న.
సమానంగనే ఉన్నట్టుంది.
నమ్మకం లేక
ఇంకోపారి నవ్విన.