రెండు లీటర్ల సంచి

బార్న్‌స్లీలో పొద్దున్న ఏడు. జనవరి.
కిటికీ లేని గదికి చీకటితో పనిలేదు.
నాలుగో థియేటర్లో గొట్టం చివర బొటనవేలు నొక్కి
ఎక్కడైనా గాలి జారుతోందేమోనని వింటున్నాను.
సోడాలైమ్ డబ్బాలో గుళికలు అడుగునుంచి ఊదారంగుకు తిరిగాయి,
నిన్నటి మనుషులు వదిలేసి వెళ్లిన ఊపిరి.
పారబోసి తెల్లవి నింపాను.

క్లిఫర్డ్ ఆర్మిటేజ్, డెబ్బై ఎనిమిదేళ్లు.
ఇరవై రెండేళ్లు బొగ్గుగని,
ఆ తర్వాత ఊరి బ్యాండులో యూఫోనియం.
ఇప్పుడు పెద్దపేగులో గడ్డ.
మాస్కు దగ్గరికి తెస్తే చేత్తో అడ్డుకున్నాడు.
"నాకు గాలి ఊదేదెవరమ్మా?"
"యంత్రం. నిమిషానికి పన్నెండుసార్లు."
"మరీ నీరసం. శవయాత్రకి కూడా
ఇంతకంటే జోరుగా వాయించేవాళ్లం."

పాలరంగు మందు ముంజేతి మీదుగా చల్లగా ఎక్కింది.
పది నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే
మొండిగా పదకొండు దగ్గర మొదలెట్టి
ఏడు దగ్గర ఆగిపోయాడు.

గొట్టం దిగింది. ఛాతీ లేచింది.
పావుగంట అంతా సవ్యంగానే ఉంది,
తర్వాత అలారం.
తెరమీద కోటగోడలా నిలవాల్సిన గీత
సొరచేప రెక్కలా ఏటవాలుగా వంగింది.
లోపలికెళ్లిన గాలి తిరిగి రావడంలేదు,
ఒక ఊపిరి మీద ఇంకో ఊపిరి పేరుకుంటోంది
అద్దె కట్టని మనుషుల్లా.

మీట తిప్పి సంచి చేతిలోకి తీసుకున్నాను.
నల్ల రబ్బరు, రెండు లీటర్లు.
తడిసిన గోనెని పిండుతున్నట్టుంది.
ఈ గదిలో ఎవరికీ చెప్పలేదు గానీ
నా భాషలో దీన్ని తిత్తి అంటారు.
కమ్మరి కొలిమి దగ్గరున్నదీ తిత్తే,
ఇతని పక్కటెముకల మధ్య ఉన్నదీ తిత్తే.
కాకపోతే ఇక్కడ
బొగ్గు తిత్తి లోపలే ఉంది.

పిండాను.
ఆగాను.
ఇంకా ఆగాను.
సర్జన్ లాక్‌వుడ్ కత్తెర పట్టుకుని నావైపు చూసింది.
చూడనీ.
సన్నని ఈల ఒకటి, ఎక్కడో గని అడుగునుంచి వస్తున్నట్టు,
పూర్తిగా అయిపోయేదాకా
వేళ్లు కదపలేదు.

అప్పుడు యంత్రానికి కొత్త లెక్క చెప్పాను:
పన్నెండు కాదు, ఎనిమిది.
లోపలికి ఒక పాలు, బయటికి నాలుగు పాళ్లు.
మెలకువగా ఉంటే తిట్టేవాడే.

మధ్యాహ్నం కుట్లు పడుతుంటే మత్తు కట్టేశాను.
యంత్రం ఆపి, సంచిని గాలికి వదిలి,
అంకెని ఆరున్నర దాకా ఎక్కనిచ్చాను.
ఈ ఘడియ మాత్రం ఎన్నేళ్లయినా అలవాటు కాదు:
ఊదడం తెలిసిన చేతులు
ఊరికే ఉండాల్సిన ఘడియ.
లాక్‌వుడ్ గ్లవ్స్ విప్పుతూ వానగురించి ఏదో అంటోంది.
సంచి కదల్లేదు.
కదల్లేదు.
తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే
ఒక అంగుళం లోపలికి నలిగింది.

రికవరీలో పెదాలు తడుపుతుంటే గొణిగాడు:
"ఎక్కడ ఆపాను?"
"ఏడు దగ్గర."
కళ్లు తెరవకుండానే,
"ఆరు" అన్నాడు.