తిరిగి చదువు

పత్తికొండ బస్సు దిగి
ఎనిమిదింటికే వచ్చి కూచుంటాడు నాయక్ ఫకీరప్ప.
మా పాలీక్లినిక్ తలుపు తీసేది తొమ్మిదికి.
ఆ గంటసేపూ ఒళ్ళో టమేటా విత్తనాల సంచి.
సంచిలో ఆయన గుండె ఉంటుంది,
కాగితాలుగా.

సికింద్రాబాద్ మిలిటరీ ఆస్పత్రి పంపేటప్పుడు ఇచ్చిన ఐదు పేజీలు,
అందులో మూడోది లేదు.
కర్నూలు ప్రైవేటు ఆస్పత్రి ఫైలు, అట్ట మీద నవ్వే డాక్టరు.
ఊళ్ళో ఆరెంపీ క్యాలెండరు కాగితం చించి రాసిన చీటీ.
ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదు.
ముగ్గురి మధ్యా తిరిగింది ఆయనొక్కడే,
కొత్తగా స్టెంటు వేయించుకుని.

పోయిన నెల లాలమ్మ ఒక్కతే వచ్చింది.
కొంగు ముడి విప్పి
మందుల కిటికీలోంచి నాకు జొన్నరొట్టె ముక్క చాపింది.
తెల్లటి రొట్టె. కొరికిన చోట ఎరుపు.
"చిగుళ్ళల్లో నెత్తురొస్తాంది మేడమ్.
అడిగితే ఏం లేదంటాడు.
నొప్పని చెప్తే పింఛను కోస్తారనుకుంటాడో ఏమో."

మందులన్నీ తెమ్మన్నాను.
బల్ల మీద పరిస్తే పదకొండు రకాలు.
నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా,
పేర్లు వేరు, ధరలు వేరు,
తిప్పి చూస్తే వెనక చీమల్లాంటి అక్షరాల్లో
ఒకటే మందు.
నెత్తురు పల్చబరిచేది
పొద్దున సికింద్రాబాద్ లెక్కన ఒకటి,
రాత్రి కర్నూలు లెక్కన ఒకటి.
ఇద్దరు డాక్టర్లూ సరిగ్గానే రాశారు.
నాకు భయమేసింది అందుకే.

ఫోన్ చేస్తే వార్డు వాళ్ళు రికార్డు గదన్నారు,
రికార్డు గది వాళ్ళు రోగి సంతకమన్నారు.
ఫారం ముందు పెట్టాను. పెన్ను తీసుకుని ఆగాడాయన.
"రాత్రి మాత్ర సంగతి గూడా పోతాదా?"
నాలుగో పేజీలో ఉంది అది, రెండే వరుసలు.
ఆయన నిద్రలో ఎవరినో పిలుస్తాడు. ఎవరని లాలమ్మ అడగలేదు.
"ఆరెంపీకి తెలిస్తే కటింగు షాపుకు తెలిసినట్టే మేడమ్."

గుండె డాక్టరుకు మాత్ర పేరు చెప్పక తప్పదన్నాను,
ఇంకో మందుతో కలబడొచ్చు.
ఎందుకు వాడుతున్నారో చెప్పక్కర్లేదు.
ఆరెంపీకి ఏం ఆపాలో చెబితే చాలు.
అదే రాశాను గడిలో, ఇరికించి.
అట్లా రాయొచ్చో లేదో నాకు తెలీదు.
సంతకం చేశాడు, పూర్తి పేరు, నంబరు, యూనిట్టు,
రిటైరై ఇరవై రెండేళ్ళయినా.

కాగితం ఫ్యాక్స్ చేసి "పంపాం లెండి" అన్నాను.
తల అడ్డంగా ఊపాడు.
"పదిహేడేండ్లు సిగ్నల్సులో చేస్తి మేడమ్.
పంపిస్తిమి అంటే చాలదు.
అవతలోడు తిరిగి చదవాల, మనం ఔననాల.
అంతవరకు అది గాలే."

మళ్ళీ ఫోన్ చేశాను, స్పీకర్లో పెట్టాను.
అటువైపు మలయాళీ నర్సు,
మా చప్పుళ్ళ మధ్య ఒక్కొక్క మందూ చదువుతోంది.
ఆయన కళ్ళు మూసుకున్నాడు.
చూపుడువేలు బల్ల మీద చిన్నగా కొడుతోంది,
ఏ కొండ మీద నేర్చుకుందో ఆ లయ.
మూడో పేజీ కూడా చదివింది.
"ఈ మందు ఒక్క పూటే" అన్నప్పుడు
వేలు ఆగింది.
"మల్లొకసారి" అన్నాడు.
ఆమె విసుక్కుంది. చదివింది.
"ఔను" అన్నాడు, ఫోన్‌కి, నిటారుగా కూచుని.

క్యూలో వెనక సుబేదారు గారెవరో దగ్గారు,
ఆయన ఒళ్ళో కూడా ఒక సంచి.
ఆకుపచ్చ డబ్బా నేను తీసి పెట్టుకున్నాను.

పది రోజుల తర్వాత, భోజనాల వేళ, లాలమ్మ ఫోన్.
"రొట్టె తెల్లగుండాది మేడమ్."
వినపడింది.
అయినా మళ్ళీ చెప్పమన్నాను.