జప్లతీమ్

మొదటి వారం గాల్లో రాసి చూపించాను,
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
లేని కలంతో, లేని కాగితం మీద.
క్వేతుషె చూసింది. చూసి
ఇంకో బీరు తెచ్చిపెట్టింది.

రెండో వారం ఒక ముక్క బట్టీపట్టి వెళ్లాను:
ఊచెత్, ప్రొసీమ్. లెక్క, దయచేసి.
తప్పేం కాదు. కానీ ఆవిడ కనుబొమ్మ
నేనేదో పన్నుల ఆఫీసుకి దారి అడిగినట్టు
పైకి లేచింది.

అప్పుడు బల్లకి అటుచివర కూర్చున్న వ్లాస్తిమిల్
మీసం మీది నురగ తుడుచుకోకుండానే పాఠం మొదలెట్టాడు.
ముప్పయ్యొక్కేళ్లు బ్ర్నోలో ట్రామ్ నడిపినవాడు,
మాట కూడా స్టాపు స్టాపుకీ ఆగి తలుపులు తెరిచేది.

"ప్లతీమ్ అంటే కడుతున్నాను.
అద్దె, కరెంటు, మొదటి పెళ్లానికి భరణం,
కడుతూనే ఉంటాను, అదొక గుండ్రటి ట్రామ్ లైను.
దానికి ముందు ఒక్క 'జ' తగిలించు.
జప్లతీమ్.
అయిపోయింది. డిపో."

నాకు నవ్వొచ్చింది. ఇది మా ఇంట్లో మాటే.
వాళ్లు ముందు తగిలించేది మేం వెనక తగిలిస్తాం.
కడతాను, కట్టేస్తాను.
తింటాను, తినేస్తాను.
ఆ చిన్న 'ఏస్'లో గొళ్లెం పడ్డ చప్పుడు.
నేను అని విడిగా అనక్కర్లేదు వాళ్లకీ, మాకూ;
క్రియ తోక పట్టుకుంటే మనిషి దొరికిపోతాడు.

మూడు కార్ప్ చేపల పబ్బులో బిల్లంటే
అరచేతి వెడల్పు కాగితం, పెన్సిలు గీతలు.
గ్లాసు దిగినప్పుడల్లా ఒక గీత,
నాలుగు నిలువు, ఐదోది వాటి మీద అడ్డంగా
కంచెకి వేసిన గడియలా.
గులాష్‌కి ఒక అంకె. మునిగిపోయినవాడు అని పిలిచే
ఊరేసిన సాసేజీకి ఇంకో అంకె.
కాగితం బల్ల మీదే తడిసి పడుంటుంది,
ఎవరి లెక్క వాళ్ల కళ్లముందే పెరుగుతూ.

నవంబరులో వ్లాస్తిమిల్ మోకాలి ఆపరేషనుకని వెళ్లాడు.
ఆ సాయంత్రం ఏడు గీతలు.
జేబులు తడుముకుని "రేపు" అన్నాడు.
ఆ రేపు ఫిబ్రవరి దాకా రాలేదు.
కాగితం మాత్రం బారు వెనక, నిమ్మకాయల గిన్నె పక్కన
ఖాళీ గ్లాసులో నిలబడే ఉంది.

ఆ రాత్రి నా నోట మాట ఎక్కడా తడబడకుండా వచ్చింది.
జప్లతీమ్.
క్వేతుషె నల్లటి పెద్ద పర్సు విప్పింది,
చెవి వెనక పెన్సిలు తీసింది.
నేను ఊరుకోవచ్చుగా. గ్లాసులోని కాగితం చూపించాను:
అదీ ఇదీ కలిపి. దొహ్రొమదీ.

పెన్సిలు ఆగింది.
"వద్దు. అది ఆయనది," అంది.
"బాకీ ఉంటే వస్తాడు."

మనిషి పోతే రుణం తీరిపోయిందంటారు మావైపు.
ఎదురైన ప్రతి ముఖం వెనకా
ఏ జన్మదో ఒక పద్దు ఉంటుందంటారు.
ఇదంతా చెప్పడానికి నాకున్నవి అరవై చెక్ మాటలు,
అందులో సగం తిండివి.
తల మాత్రం ఊపాను.
మూడొందల ఎనభై ఏడు, అంది.
నాలుగొందలు, అన్నాను, చిల్లర అక్కర్లేదని.
పర్సు మూసి, కాగితం మడిచి నావైపు తోసింది.

మంచు తొక్కుకుంటూ స్టాపుకి వచ్చి
చేతులు జేబుల్లో పెట్టుకుంటే వేళ్లకి తగిలింది.
దీపం కింద విప్పి చూశాను.
నేను తాగినవి నాలుగు.
గీతలు మూడు.

వెనక్కి వెళ్దామనుకున్నాను.
కిటికీలోంచి కనిపిస్తోంది, కుర్చీల్ని బల్లల మీదికెక్కిస్తూ.
తలెత్తలేదు.

ట్రామ్ వచ్చి తలుపులు తెరిచింది.
ప్లతీమ్, అనుకుంటూ ఎక్కాను.