శంఖం

పెండ్లికొడుకు తల్లి మండపానికి రాలేదు.
"ఇష్టం లేనట్టుండాది మే," అనింది పెద్దక్క,
తలంబ్రాల్లో వడ్లగింజ ఏరిపారేస్తా.
రెండు రాత్రులు రైల్లో కలకత్తా నుంచి వచ్చి
తిరుపతి బస్టాండు వెనక లాడ్జిలో
ఎవరైనా కూర్చుంటారా?

కొడుకు పెండ్లి తల్లి కంట పడకూడదంట, వాళ్లల్లో.
మాకేమో, తల్లి నీళ్లు పోస్తేనే
అల్లుడి కాళ్లు తడిసేది.

టిఫిన్ క్యారియర్లో పులిహోర పెట్టుకుని
తెల్లారగట్ల సందు దాటి పోయినా.
సుదేష్ణమ్మ కిటికీకి వీపు తిప్పి కూర్చోనుంది,
రెక్కలు మాత్రం బార్లా తెరిచి.
ఆమెకు తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు.
మంచం మీద దుప్పటి జరిపి
చోటు చూపించింది.

గట్టిమేళం లేచింది.
ఒళ్లో ఎర్రగుడ్డ మూట విప్పి
శంఖం తీసింది.

మా పల్లెలో శంఖం సావుకే ఊదుతారు.
మా నాయన పాడె ముందర దాసరి ఊదినాడు.
ఆమె బుగ్గలు నిండినాయి.
నా చెయ్యి లేచింది, వద్దని.
లేచి,
జారిన ఆమె కొంగు సర్ది
దిగింది.

మూడుసార్లు ఊదింది.
లాడ్జి పిల్లోడు బకెట్టు పారేసి ఉరికొచ్చినాడు:
"ఎవరు పోయినారక్కా?"

"ఎవరూ పోలేదు, ఈయమ్మ కొడుక్కి పెండ్లి.
ఆ ప్లేటు ఇట్లా తే,
నీకూ పెడతా."