ఇరవై మూడో బోను

తెల్లవారుజాము మూడు. గలాత్స్ ఊరి చివర
మంచు కురిసి ఆగిన ఆవరణలో
దోరు వ్యాను తలుపులు బార్లా తీశాడు.
బోన్లు ఇరవై మూడు. జాబితాలో వరుసలు ఇరవై రెండు.
ఇలింకా నోట్లో పెన్ను మూత. నా పని టార్చి పట్టుకోవడం.

చెవి తెగిన గోధుమరంగుది, ఎక్కింది.
బావిలోంచి తీసిన ముగ్గురు తోబుట్టువులు, ఒకే బోనులో,
విడదీస్తే తిండి ముట్టరు.
నల్లపిల్లి టీకా కాగితం
మందుల డబ్బా కింద దొరికింది, అదృష్టం.

రాత్రి గ్రాట్స్ నుంచి వాల్‌ట్రౌడ్ ఫోను:
"మా ముసలి కుక్క మధ్యాహ్నం పోయింది.
దాని గది కడిగాను. ఇంకొకళ్లని పంపండి."
ఏడ్చిందో లేదో, లైను గరగరలాడింది.

ఇంకొకళ్లు.
ఆ మాట బరువెంతో
కటకటాల వెంట నడిస్తే తెలుస్తుంది.
తోకలన్నీ ఒక్కసారే ఊగుతాయి.
ఎవరి కళ్లలోకీ చూడకుండా నడిచింది ఇలింకా,
సంతలో అప్పులవాణ్ణి తప్పించుకుంటున్నట్టు.

ఆఖరి గదిలో
లేచి రానిదాని ముందు ఆగింది.
పదకొండేళ్ల గొలుసు మెడచుట్టూ గీసిన వలయం,
అక్కడ వెంట్రుక మొలవదు.
అది తోక ఊపలేదు.
అడగడం ఎప్పుడో మానేసింది.

దోరు ఎత్తుకున్నాడు. "అన్నీ ఎముకలే" అన్నాడు.
కోటు విప్పి బోనులో పరిచాడు.
దారి పొడుగునా వణుకుతూ మమ్మల్ని తిట్టుకుంటాడు, తెలుసు.

వ్యాను మలుపు తిరిగింది.
ఎనిమిదింటికి మునిసిపాలిటీ బండి
ఇంకో తొమ్మిదింటిని తెస్తుంది.
ఇలింకా గొట్టం విప్పింది.
నీళ్లు గడ్డకట్టాయి.
వేణ్ణీళ్ల కోసం నేను లోపలికి వెళ్లాను.